లీన్ బోర్డు పెట్టాం, పీపీసీ 90 చూపిస్తోంది, కానీ స్లాబ్ సైకిల్ మాత్రం తగ్గట్లేదు – తేడా ఎక్కడ కొడుతోంది?

ఓఎంఆర్_ప్లానర్:

అందరికీ నమస్తే. చెన్నైలో పెరుంబాక్కం వైపు ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో ప్లానింగ్ ఇంజనీర్‌గా చేస్తున్నాను, మాది ఒంగోలు. రెండు టవర్లు, స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ 14 అంతస్తులు. అల్యూమినియం ఫార్మ్‌వర్క్ కాదు, మామూలు ప్లైవుడ్ షట్టరింగ్ (కాంక్రీట్ పోసే అచ్చు), దాన్ని కింద నుంచి మోసే జాకీలు, స్పాన్లు (అడ్డంగా వేసే ఇనుప దూలాలు). ఈ మధ్య మేనేజ్‌మెంట్ వాళ్ళు లీన్ మీద, అంటే వృథా తగ్గించి పని ఆగకుండా నడిపే పద్ధతి మీద, ట్రైనింగ్ ఇప్పించారు, లాస్ట్ ప్లానర్ (పని చేయించేవాళ్ళే వారం వారం మాటిచ్చే ప్లానింగ్), పుల్ ప్లానింగ్ (చివరి పని నుంచి వెనక్కి లెక్కేసుకోవడం), 5ఎస్ (సైట్ సర్దుబాటు, శుభ్రం) అన్నీ చెప్పారు, అప్పట్నించి సైట్ ఆఫీస్ కంటైనర్‌లో ఒక గోడ మొత్తం రంగురంగుల స్టిక్కీ నోట్స్ అంటించి పెట్టాం, ప్రతి సోమవారం పొద్దున 9కి మీటింగ్, ప్రతి శనివారం పీపీసీ లెక్క. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, పీపీసీ అంటే ఆ వారం చేస్తామన్న పనుల్లో ఎన్ని నిజంగా పూర్తయ్యాయి అనే శాతం.

సమస్య ఏంటంటే పీపీసీ 90 దగ్గర ఆడుతోంది, హెడ్ ఆఫీస్ వాళ్ళు మెచ్చుకుంటున్నారు, కానీ స్లాబ్ టు స్లాబ్, అంటే ఒక స్లాబ్ పోసిన దగ్గర్నుంచి తర్వాతది పోసేదాకా, 12 రోజులు అనుకున్నది 18, 19 రోజుల కిందకి దిగట్లేదు. బోర్డు లేనప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఒక్కటి వివరంగా చెప్తా, మొన్నటి పదో అంతస్తు స్లాబ్. శుక్రవారం పొద్దున 8కి పోర్ (కాంక్రీట్ పోయడం) అని ప్లాన్. గురువారం సాయంత్రానికి టాప్ జాలీ (పై వరుస రాడ్లు) కట్టేశారు, అప్పుడు చూస్తే టాయిలెట్ సంకెన్ (పైపుల కోసం కిందకి దించిన స్లాబ్) దగ్గర రివైజ్డ్ డ్రాయింగ్ ఇంకా ప్లంబింగ్ వాళ్ళ చేతికి రాలేదు, స్లీవ్‌లు (స్లాబ్‌లోంచి పైపులు వెళ్ళడానికి పెట్టే గొట్టాలు) పాత చోటే ఉన్నాయి. రాత్రికి రాత్రి రాడ్లు విప్పి మళ్ళీ కట్టారు. శుక్రవారం కన్సల్టెంట్ చెకింగ్‌కి వచ్చేసరికి 11, ఆయన రెండు బీములు దగ్గర కవర్ బ్లాకులు (రాడ్లకీ షట్టరింగ్‌కీ మధ్య పెట్టే బిళ్ళలు) లేవన్నారు, పంప్ అప్పటికే వచ్చి నిలబడి ఉంది, పోర్ మొదలయ్యేసరికి సాయంత్రం 4, అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. మర్నాడు గ్యాంగ్ మొత్తం పడుకుంది, మార్కింగ్ ఒక రోజు పోయింది. ఇంత జరిగినా బోర్డు మీద మాత్రం “పదో స్లాబ్ కాస్టింగ్ – ఈ వారం” అని ఉంది కాబట్టి టిక్ పడింది, నూటికి నూరు!

ఇది మన దేశంలో మన లేబర్ సిస్టమ్‌కి సరిపడే పద్ధతేనా, లేక మేం చేసే విధానంలో ఏదో లోపం ఉందా? ఇంకో విషయం, ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోపు పై స్లాబులు లాగేయాలి. సైట్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి, పుస్తకంలో ఉన్నది నా దగ్గర ఉంది.

సర్జాపూర్_పీఎం:

తమ్ముడూ, బెంగళూరు నుంచి. నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది, పదో స్లాబ్ కథ నువ్వే చెప్పావు కదా, ఆ టిక్ చూసే నీకు అనుమానం వచ్చింది, ఆ అనుమానం కరెక్ట్.

ముందు ఆ 90ని నమ్మకు. ఈ పద్ధతిని తయారుచేసిన గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అమెరికాలో సైట్ల మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు, వారం మొదట్లో మాటిచ్చిన పనుల్లో సగానికి కాస్త పైన మాత్రమే వారాంతానికి పూర్తవుతున్నాయని తేలింది, అదీ బాగా నడుస్తున్నాయి అనుకునే సైట్లలో. అలాంటిది మొదలుపెట్టిన కొత్తలోనే 90 వస్తోందంటే రెండే కారణాలు ఉంటాయి, ఒకటి పనులు చాలా లూజుగా రాస్తున్నారు, రెండు కాస్త కష్టమైన పని బోర్డు మీదకే రానివ్వట్లేదు. నీ బోర్డు ఫొటో తీసి ఒకసారి చదువు, “కాలమ్ వర్క్ కంటిన్యూ”, “బ్లాక్ వర్క్ ఇన్ ప్రోగ్రెస్” అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. అది మాట ఇవ్వడం కాదు. “టవర్ ఏ, 11వ అంతస్తు, గ్రిడ్ 1 నుంచి 5, బాటమ్ రాడ్లు, బుధవారం మధ్యాహ్నం 1 కల్లా ఎలక్ట్రికల్‌కి అప్పగింత” – ఇలా రాయాలి. అప్పుడు ఆ శుక్రవారం పోర్ 8కి కాక 4కి మొదలైతే అది ఫెయిల్ కిందే పడుతుంది, పడాలి కూడా, ఎందుకంటే ఆ ఎనిమిది గంటలు ఎక్కడ పోయాయో అడిగే అవకాశం అక్కడే వస్తుంది.

అసలు కీలకం బోర్డు మీద లేదు, బోర్డుకి వెనక ఉంది. సోమవారం మీటింగ్ మీరు చేస్తున్నారు, మరి ఆరు వారాల లుక్ అహెడ్ (రాబోయే పనులని ముందే చూసుకోవడం) చేస్తున్నారా? నా అంచనా, పేరుకి ఉంటుంది, మాస్టర్ షెడ్యూల్‌లోంచి ఆరు వారాలు కత్తిరించి ప్రింట్ తీసి ఉంటారు. దాని పని అది కాదు. ఆ ఆరు వారాల్లో ఉన్న ఒక్కో పనిని పట్టుకుని, ఇది మొదలవ్వాలంటే అడ్డం ఏంటి అని అడగాలి. లౌరి కోస్కెలా అని ఫిన్లాండ్ ఆయన, 1992లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు రాసిన రిపోర్టుతోనే ఈ లీన్ కన్‌స్ట్రక్షన్ ఆలోచన మొదలైంది, ఆయనే తర్వాత చెప్పాడు, సైట్‌లో ఏ పని మొదలవ్వాలన్నా ఏడు కుదరాలి అని. డ్రాయింగ్ ఉండాలి, మెటీరియల్ ఉండాలి, మనుషులు ఉండాలి, మెషిన్లు ఉండాలి, నిలబడి పనిచేసుకునే చోటు ఉండాలి, ముందు పని అయి ఉండాలి, వాన పర్మిషన్ లాంటి బయటి సంగతులు అనుకూలంగా ఉండాలి. ఏడింట్లో ఒక్కటి తక్కువైనా ఆ పని ఆగుతుంది. ఫ్యాక్టరీలో ఇవన్నీ ఒక చోట ఉంటాయి కాబట్టి లీన్ అసలు పుట్టిన టయోటా వాళ్ళకి కొంచెం సులువు, మనకి ప్రతి అంతస్తులో మళ్ళీ కొత్తగా కుదరాలి.

నీ సంకెన్ డ్రాయింగ్ ఎప్పుడు రివైజ్ అయ్యింది? పోర్‌కి ముందురోజు సాయంత్రం కాదు కదా. ఎవరి ఈమెయిల్‌లోనో కొన్ని వారాలుగా ఉండి ఉంటుంది. మూడు వారాల ముందే ఎవరైనా “10వ అంతస్తు ప్లంబింగ్ స్లీవ్‌లు – డ్రాయింగ్ ఫైనల్ కాలేదు – తెచ్చేవాడు ఫలానా – ఫలానా తేదీ” అని రాసి ఉంటే రాత్రి రాడ్లు విప్పే పని లేదు. చెయ్యాల్సింది, చెయ్యగలిగేది, చేస్తానన్నది, చేసింది – ఈ నాలుగూ వేరు. మన సైట్లలో చెయ్యాల్సింది నేరుగా చేస్తానన్నదిగా మారిపోతుంది, మధ్యలో చెయ్యగలమా అన్న ప్రశ్నని ఎవరూ అడగరు.

ఇంకోటి, పీపీసీని ఎవరి మార్కులకీ ముడిపెట్టకండి. మా దగ్గర ఒక ప్రాజెక్టులో సబ్ కాంట్రాక్టర్ల రేటింగ్‌లో పీపీసీ కలిపారు, కొన్ని వారాల్లోనే అందరి పీపీసీ ఆకాశాన్నంటింది, పని మాత్రం అక్కడే ఉంది. ఫెయిలైన పనికి కారణం నిజాయితీగా చెప్తే తిట్లు పడవని వాళ్ళకి నమ్మకం కలగాలి, అది కలిగే వరకు ఆ నంబర్‌కి అర్థం లేదు.

మన దేశానికి సరిపడుతుందా అన్నావు. మీ ఊళ్ళోనే ఐఐటీ మద్రాస్ వాళ్ళు దీని మీద ఎన్నో ఏళ్ళుగా పని చేస్తున్నారు, ఈ రంగంలో ప్రపంచమంతా ఏటా కలిసే ఐజీఎల్‌సీ కాన్ఫరెన్స్ 2018లో చెన్నైలోనే జరిగింది, అందులో వచ్చిన పేపర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, భారత్ సైట్ల మీద రాసినవి వెతికి చదువు, ఉపయోగం.

స్పీడ్‌స్లాబ్:

ఇంత థియరీ ఎందుకు బ్రో. మూడో రోజు కింద జాకీలు లాగేసి పైకి ఎక్కించండి, ఇప్పటి కాంక్రీట్‌కి మూడు రోజుల్లోనే స్ట్రెంగ్త్ వచ్చేస్తుంది, మెటీరియల్ రొటేషన్ పెరుగుతుంది, సైకిల్ ఏడు రోజులకి వస్తుంది. అదే లీన్.

క్యూసీ_వేళచ్చేరి:

పై కామెంట్ చదివి ఆగలేక రాస్తున్నా, దయచేసి ఎవరూ అలా చెయ్యొద్దు. అది లీన్ కాదు, దాని పక్కన కూడా నిలబడదు.

కాంక్రీట్ పనులకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 : 2000లో స్పష్టంగా ఉంది. కాలమ్స్, గోడలు లాంటి నిలువు షట్టరింగ్ 16 నుంచి 24 గంటల్లో తియ్యొచ్చు. స్లాబ్ కింద షీట్లు 3 రోజులకి తియ్యొచ్చు, కానీ తీసిన వెంటనే జాకీలు మళ్ళీ పెట్టెయ్యాలి, చాలామంది ఈ రెండో సగం మర్చిపోయి 3 రోజులు అనే మాట ఒక్కటే పట్టుకుంటారు. జాకీలు పూర్తిగా తియ్యడానికి 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబ్‌కి 7 రోజులు, అంతకు మించితే 14. బీములకి 6 మీటర్ల లోపు 14 రోజులు, మించితే 21. ఇదంతా ఓపీసీకి, అంటే ఏమీ కలపని మామూలు సిమెంట్‌కి, ఇప్పుడు ఆర్ఎంసీలో (ప్లాంట్ నుంచి బండ్లలో వచ్చే రెడీమిక్స్ కాంక్రీట్) ఫ్లై యాష్ (బొగ్గు బూడిద), జీజీబీఎస్ (ఇనుప కొలిమి స్లాగ్ పొడి) కలుస్తున్నాయి, వాటికి మొదట్లో స్ట్రెంగ్త్ నిదానంగా వస్తుంది, కాబట్టి ఇంకా జాగ్రత్త. పైన కొత్త స్లాబ్ పచ్చిగా ఉన్నప్పుడు దాని బరువు మొత్తం కింద అంతస్తుల మీదే పడుతుంది, ఎన్ని అంతస్తుల కింద జాకీలు ఉంచాలో స్ట్రక్చరల్ ఇంజనీర్ రాతపూర్వకంగా చెప్పాలి, మేస్త్రి గానీ ప్లానర్ గానీ డిసైడ్ చేసేది కాదు. క్యూరింగ్ కూడా అంతే, ఓపీసీకి కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ లాంటివి కలిస్తే కనీసం 10.

ఓఎంఆర్ ప్లానర్ గారూ, మీ 18 రోజుల్లో కాంక్రీట్ గట్టిపడటం కోసం పోయేది చాలా తక్కువ అని నా నమ్మకం. పైనే చెప్పిన 16 గంటలు దాటాక కాలమ్ షట్టర్లు ఎన్ని గంటలకి విప్పుతున్నారో, ఆ మధ్యలో ఎవరు ఎవరి కోసం కూర్చున్నారో రాసి చూడండి. ఒక స్లాబ్ పట్టుకుని, ఒక గ్యాంగ్ వెంట ఒక రోజంతా ఒక ట్రైనీని తిప్పండి, పని చేసిన సమయం, ఎదురుచూసిన సమయం, మోసిన సమయం, మళ్ళీ చేసిన సమయం – ఇవి నాలుగు గీతలుగా పెట్టుకుని పది నిమిషాలకొకసారి టిక్ పెట్టమనండి. ఆ కాగితం చూశాక మీ మీటింగ్‌లో మాట్లాడేది మారిపోతుంది. తైచి ఓనో టయోటాలో చెప్పిన ఏడు రకాల వృథాల్లో ఎదురుచూపు, మోత, రీవర్క్ ఈ మూడే మన సైట్లలో ఎక్కువగా కనిపిస్తాయి, నేను క్వాలిటీలో ఉన్నా కాబట్టి రీవర్క్ గురించి ఎక్కువ బాధ, టాయిలెట్ సంకెన్‌లో వాటర్‌ప్రూఫింగ్ ఒకసారి సరిగా చెయ్యకపోతే టైల్స్ వేశాక పగలగొట్టాల్సిందే, అప్పుడు టైల్ వాడు, ప్లంబర్, పెయింటర్ ముగ్గురూ మళ్ళీ రావాలి.

సిక్కోలు_సెంట్రింగ్:

సార్ నమస్కారం. నేను ఇంజనీర్ని కాదు, మాది టెక్కలి దగ్గర, చెన్నైలో సెంట్రింగ్ లేబర్ కాంట్రాక్ట్ చేస్తాను, మా అబ్బాయి ఈ పోస్ట్ చూపించాడు, నేను చెప్తుంటే వాడు టైప్ చేస్తున్నాడు.

మీ మీటింగ్‌లో మా లాంటోళ్ళు ఎందుకు అన్నిటికీ సరే అంటారో చెప్తాను సార్. కాదు అంటే మర్నాడు ఇంకో గ్యాంగ్‌ని దింపుతాం అంటారు. కాబట్టి సరే అంటాం. పొద్దున 9కి మీటింగ్ అన్నారు కదా, అది మేం పని మొదలెట్టి మనుషుల్ని సర్దుకునే టైం, ఆ గంట మేస్త్రి స్లాబ్ మీద లేకపోతే గ్యాంగ్ గ్యాంగే కూర్చుంటుంది, అందుకని మీటింగ్‌కి మేస్త్రి రాడు, లెక్కలు చూసే కుర్రాడిని పంపుతాడు. వాడికి ఏ గ్రిడ్ ఏంటో తెలీదు, వాడు ఊ అంటాడు. మీ బోర్డు మీద ఉన్న మాట ఆ కుర్రాడి మాట సార్, మేస్త్రి మాట కాదు.

ఇంకొకటి డబ్బు. మాకు చదరపు మీటర్ లెక్కన ఇస్తారు. ఫ్రంట్ (పని చేసుకునే చోటు) ఇవ్వకపోతే, డ్రాయింగ్ రాలేదని కూర్చోబెడితే ఆ రోజు మా మనుషులకి తిండి ఖర్చు, వారం ఖర్చులు నా జేబులోంచే పోతాయి, కంపెనీకి పైసా పోదు. అందుకని నేనేం చేస్తానంటే మూడు సైట్లు పట్టుకుంటాను, మీ దగ్గర ఆగితే ఇరవై మందిని ఇంకో సైట్‌కి పంపించేస్తాను, మీరు ఫ్రంట్ ఇచ్చాక ఫోన్ చేస్తారు, అక్కడ పని మధ్యలో వదిలేసి వెంటనే రాలేరు కదా. మీకు మనుషులు రావట్లేదని కోపం, నాకు పని ఇవ్వట్లేదని కోపం. ఏటి చేస్తాం సార్, అందరి కాళ్ళకీ ఒకే తాడు, ఎవరు లాగినా ఇంకొకడు పడతాడు.

ఒక సైట్‌లో బాగా జరిగింది, అది చెప్తాను. అక్కడ ఇంజనీర్ గారు శనివారం సాయంత్రం స్లాబ్ మీదే అందర్నీ నిలబెట్టి, సుద్దతో నేల మీద గీసి, సోమవారం ఇది నీకు ఇస్తాను, గురువారం ఇది నువ్వు రాడ్ వాళ్ళకి ఇవ్వాలి అని చెప్పేవారు. ఇవ్వలేకపోతే కూర్చున్న మనుషులకి సగం కూలీ కంపెనీ ఇచ్చేట్టు ఒప్పించారు. బిల్లు పదిహేను రోజులకి ఒకసారి పాస్ అయ్యేది. మేం ఆ సైట్ నుంచి మనిషిని కదపలేదు సార్. సగం కూలీ పెద్ద డబ్బేం కాదు, చాలాసార్లు ఇవ్వాల్సిన అవసరమే రాలేదు, కానీ ఆ రూల్ ఉందనేసరికి డ్రాయింగులు టైంకి వచ్చేవి.

జాకీలు, స్పాన్లు మోయడం గురించి క్యూసీ మేడమ్ చెప్పారు, అది నిజం. టవర్ ఏ నుంచి బీకి మెటీరియల్ వెళ్ళాలంటే క్రేన్ మాకు దొరకదు, స్టీల్ దింపుతోంది అంటారు, మెట్లు ఎక్కి మోస్తాం. క్రేన్‌కి టైం టేబుల్ రాసి పెట్టండి, పొద్దున రెండు గంటలు సెంట్రింగ్‌కి, తర్వాత రాడ్‌కి. దానికి ఏ ట్రైనింగూ అక్కర్లేదు.

హోసూర్‌రోడ్_ఎలక్ట్రికల్:

మేస్త్రి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం, మీ అబ్బాయికి థాంక్స్.

నేను బెంగళూరులో ఎంఈపీ (కరెంటు, ప్లంబింగ్, ఏసీ లాంటి పనులు) వైపు చేస్తాను. మా బాధ ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నా. స్లాబ్‌లో మా వంతు బాటమ్ రాడ్లు అయ్యాక, టాప్ రాడ్లు కట్టేముందు. ఆ మధ్యలో వైర్లు వెళ్ళే కాండ్యూట్ పైపులు, ఫ్యాన్ బాక్సులు, డీప్ బాక్సులు పెట్టుకోవాలి. కానీ రాడ్ బెండింగ్ వాళ్ళకి టన్ను లెక్కన డబ్బు, వాళ్ళు మా కోసం ఎందుకు ఆగుతారు, టాప్ కూడా లాగించేస్తారు, మేం జాలీలోంచి చెయ్యి దూర్చి పైపు లాగాలి, వంకర తిరుగుతుంది, పోర్ అప్పుడు తొక్కితే నలిగిపోతుంది, మూడు నెలల తర్వాత వైరింగ్ లాగేటప్పుడు వైర్ వెళ్ళదు, గోడ చీల్చాలి.

మా దగ్గర పనిచేసిన ఉపాయం స్లాబ్‌ని ముక్కలు చెయ్యడం. మొత్తం స్లాబ్ ఒకటే పని అనుకుంటే ఒకరి తర్వాత ఒకరు నిలబడి చూస్తుంటారు. మూడు జోన్లు చేస్తే మొదటి జోన్‌లో బాటమ్ రాడ్లు అవ్వగానే మేం దిగుతాం, రాడ్ వాళ్ళు రెండో జోన్‌కి వెళ్తారు, మేం రెండుకి వెళ్ళేసరికి వాళ్ళు మొదటి జోన్‌లో టాప్ కడతారు. టాక్ట్ అని చెప్పేది ఇదే. ఒక జోన్‌లో ఎవరికి ఎన్ని గంటలో అందరూ కూర్చుని ఒప్పుకోవాలి, ఎవరు ఎక్కువ టైం తీసుకుంటే వాళ్ళకి మనుషుల్ని పెంచాలి లేదా జోన్ చిన్నది చెయ్యాలి. లీన్ అన్న పేరు పుట్టకముందే న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 102 అంతస్తులు 1930 మార్చిలో మొదలుపెట్టి 1931 మే 1కి ప్రారంభించేశారంటే ఇలాంటి వరుస వల్లే, ఒక గ్యాంగ్ వెనక ఇంకో గ్యాంగ్ అంతస్తు తర్వాత అంతస్తు కదిలింది.

ఆర్ఎంసీ గురించి కూడా ఒక మాట. మీ స్లాబ్ 120 క్యూబిక్ మీటర్లు అనుకుందాం, బండి 6 అనుకుంటే 20 బండ్లు. పంప్, గ్యాంగ్ కలిసి గంటకి 24 లాగుతారనుకుంటే పావుగంటకి ఒక బండి రావాలి, 5 గంటల్లో అయిపోతుంది. మరి పావుగంటకి ఒకటి వస్తోందా? మా బెంగళూరులో రద్దీ గంటల్లో పెద్ద బండ్లని రోడ్డు మీదకి రానివ్వరు, 11కి చెకింగ్ అయ్యి పోర్ మొదలుపెట్టేసరికి మధ్యలోనే సాయంత్రం ఆంక్షలు తగులుతాయి, బండ్లు ఆగిపోతే కోల్డ్ జాయింట్ (ముందు పోసిన కాంక్రీట్‌తో తర్వాతది కలవని అతుకు) భయం. అందుకని చెకింగ్ ముందురోజు సాయంత్రమే అయిపోవాలి, సంతకం పడని పోర్ కార్డుకి (పోర్‌కి అనుమతి ఇచ్చే కాగితం) పంప్ బుక్ చెయ్యకూడదు. ఈ ఒక్క రూల్ పెట్టాక మాకు రాత్రి పోర్లు బాగా తగ్గాయి. కన్సల్టెంట్‌కి కూడా మొత్తం స్లాబ్ ఒకేసారి కాకుండా జోన్ అయినప్పుడల్లా చూపించండి, చివర్లో కవర్ బ్లాకుల దగ్గర ఆగిపోవడం ఉండదు.

ఓఎంఆర్_ప్లానర్:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు. స్పీడ్‌స్లాబ్ గారూ, మీరు చెప్పింది మాత్రం మేం చెయ్యం, మా స్ట్రక్చరల్ కన్సల్టెంట్ రీషోరింగ్ (జాకీలు మళ్ళీ పెట్టడం) గురించి లెటర్ ఇచ్చారు, దాని ప్రకారమే వెళ్తున్నాం.

శనివారం మీటింగ్ కంటైనర్‌లో కాకుండా 11వ అంతస్తు డెక్ మీద సాయంత్రం 5:30కి పెట్టాం. సెంట్రింగ్ మేస్త్రి, రాడ్ మేస్త్రి, ప్లంబింగ్ ఫోర్‌మన్, ఎలక్ట్రీషియన్ అందరూ వచ్చారు. మా సెంట్రింగ్ మేస్త్రి పలాస వైపు ఆయన, రాడ్ వాళ్ళు బెంగాల్, ప్లంబింగ్ వాళ్ళు తమిళం. మూడు భాషల్లో నడిచింది కానీ సుద్దతో గీసేసరికి ఎవరికీ అనువాదం అవసరం పడలేదు. మేస్త్రి మొదటిసారి “బుధవారానికి అవ్వదు సార్, మెట్ల దగ్గర షీట్లు సరిపోవు, టవర్ బీలో ఉండిపోయాయి” అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరూ అనలేదు. రాడ్ మేస్త్రి ఇంకోటి చెప్పాడు, లిఫ్ట్ గోడ దగ్గర డోవెల్స్ (పై అంతస్తు కోసం వదిలే రాడ్లు) డ్రాయింగ్ ఇంకా అడ్వాన్స్ కాపీయే, ఫైనల్ కాదు అని. రెండూ రాసుకున్నాం, షీట్లు ఆదివారమే క్రేన్‌తో పంపించాం, డ్రాయింగ్ కోసం మా మేనేజర్ స్వయంగా ఫోన్ చేశారు.

సమస్య ఏంటంటే పనులు వివరంగా రాసేసరికి ఈ వారం పీపీసీ 60 కిందకి పడిపోయింది. హెడ్ ఆఫీస్‌కి ఇది ఎలా చూపించాలి? వానల గురించి కూడా ఎవరైనా చెప్పండి. సగం కూలీ మాట మేనేజర్ చెవిలో వేశాను, ఆలోచిస్తానన్నారు.

సర్జాపూర్_పీఎం:

60 చూసి కంగారు పడకు, ఇప్పుడు నువ్వు కొలుస్తున్నది నిజమైన సైట్. హెడ్ ఆఫీస్‌కి పీపీసీ ఒక్కటే పంపితే దాని మీదే ప్రశ్నలు వస్తాయి, అందుకని ఒకే పేజీలో మూడు పెట్టు. పైన స్లాబ్ టు స్లాబ్ ఎన్ని రోజులు అన్న గీత, దాని కింద వచ్చే ఆరు వారాల్లో ఇంకా తొలగని అడ్డంకులు ఎన్ని, వాటిలో తేదీ దాటిపోయినవి ఎన్ని, అన్నిటికన్నా కింద పీపీసీ, దాని పక్కనే ఈ వారం ఫెయిల్ అవ్వడానికి పెద్ద కారణం ఒకటి. ఆ కారణాల్లో సగం డ్రాయింగులు, అప్రూవల్స్, పేమెంట్ల దగ్గరే తేలతాయి చూడు, అంటే హెడ్ ఆఫీస్ చెయ్యాల్సిన పనులే. అది కాగితం మీద కనిపించేసరికి వాళ్ళ ప్రశ్నలే మారతాయి.

వానల సంగతి. చెన్నైకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యే పడుతుంది, అది నువ్వు ఆపలేవు, కాబట్టి వానని అడ్డంకుల జాబితాలో ముందే రాసెయ్. వాన పడితే ఆ గ్యాంగ్ ఎక్కడికి వెళ్ళాలో ముందే రెడీగా ఉంచాలి, కింద అంతస్తుల్లో బ్లాక్ వర్క్, లోపలి ప్లాస్టరింగ్, డోర్ ఫ్రేములు లాంటివి, అవి కూడా ఊరికే జాబితా కాదు, బ్లాకులు ఆ అంతస్తులోకి ముందే ఎక్కించి ఉండాలి, ఎం శాండ్ మీద టార్పాలిన్ ఉండాలి, జాకీలు తీసేసి చోటు ఖాళీ అయి ఉండాలి, లేదంటే వాన రోజు హాయిస్ట్ దగ్గర అందరూ గుమిగూడతారు. ఆ వెంటనే సంక్రాంతి వస్తుంది, శ్రీకాకుళం గ్యాంగులు ఊరెళ్తే ఎప్పుడు తిరిగొస్తారో మేస్త్రిని ఇప్పుడే అడిగి తేదీలు రాసుకో, ఆ పది పదిహేను రోజులు స్లాబ్ ప్లాన్‌లో పెట్టకు.

సిక్కోలు_సెంట్రింగ్:

సంక్రాంతికి వెళ్ళకుండా ఆపకండి సార్, ఆపితే చెప్పకుండా వెళ్తారు. ట్రైన్ టికెట్లు ముందే చేసుకుంటాం కాబట్టి తేదీలు మాకు తెలుసు, అడిగితే చెప్తాం. రెండు విడతలుగా పంపిస్తే బాగుంటుంది, సగం మంది ముందు వెళ్ళి కనుమ అయ్యాక వచ్చేస్తారు, మిగతా సగం పండక్కి వెళ్ళి నెలాఖరుకి వస్తారు. పాత బిల్లు పండక్కి ముందు పాస్ చేస్తే తిరిగి మీ సైట్‌కే వస్తారు, అది నేను గ్యారంటీ.

క్యూసీ_వేళచ్చేరి:

వానల్లో ఇంకొకటి, పోర్ మధ్యలో జల్లు పడితే కప్పడానికి షీట్లు డెక్ మీదే ఉండాలి, స్టోర్‌లో కాదు. స్టీల్ తెచ్చి మూడు అంతస్తులకి సరిపడా గుట్ట వేస్తారు, వాన నీళ్ళలో తుప్పు పడుతుంది, దాన్ని బ్రష్ కొట్టడానికి మళ్ళీ మనుషులు. ఒక స్లాబ్‌కి కట్ చేసి కట్టలు కట్టి, ట్యాగ్ వేసి, ఆ స్లాబ్‌కి రెండు రోజుల ముందు పైకి పంపితే చాలు.

ఓఎంఆర్_ప్లానర్:

మేస్త్రి గారూ, ఆ రెండు విడతల మాట మా మేస్త్రికి చెప్పాను, ఒప్పుకున్నాడు. సర్జాపూర్ అన్నా, అడ్డంకుల రిజిస్టర్‌కి మీరు ఏ కాలమ్స్ వాడతారో చెప్తే సోమవారం నుంచి మొదలుపెడతా.

సర్జాపూర్_పీఎం:

ఎక్సెల్‌లో ఆరు చాలు. ఏ పని, ఏ గ్రిడ్, అడ్డం ఏంటి, తొలగించేది ఎవరు – డిపార్ట్‌మెంట్ పేరు కాదు, మనిషి పేరు, ఎప్పటికల్లా అని ఆ మనిషి తనే చెప్పిన తేదీ, నిజంగా ఎప్పుడు తొలగింది. ఐదోది నువ్వు నింపకు, వాళ్ళ చేతే నింపించు. అడ్డం తొలగని పనిని ఎవరు ఒత్తిడి చేసినా వచ్చే వారం ప్లాన్‌లోకి ఎక్కించకు, మీ మేనేజర్ ఈ ఒక్క విషయంలో నీ వెనక నిలబడతాడా లేదా అన్నది ముందే మాట్లాడుకో. 11వ స్లాబ్ పోర్ ఎన్ని గంటలకి మొదలైందో ఇక్కడ రాయి.